కొంగ కారు రత్నవ్వ

నర్సింగరావు దొర దినకర్మ అయిన మర్నాడే, ఆయన పెద్దకొడుకు విఠల్‌రావు మనుషులు ట్రాక్టరు తోలుకుని, మోకుతాడు పట్టుకుని రత్నవ్వ ఇంటికి వచ్చారు. అది 1984. ఆర్మూరులో పెర్కిట్ దారి మీద, పసుపు గోదాముల పక్కన ఆమెకు రెండు గదుల ఇల్లు ఉండేది. ఇంటిని ఆనుకుని ఉన్న రేకుల కొట్టంలో దొర కారు ఉంది. ప్యాకార్డ్ అనే అమెరికా బండి. దొర తండ్రి హైదరాబాదులో ఒక నవాబు దగ్గర కొన్నాడు. బానెట్ మీద రెక్కలెత్తిన పక్షి బొమ్మ ఉండడంతో ఊళ్లో అందరూ దాన్ని కొంగ కారు అనేవాళ్లు.

వాళ్లు తాడు కట్టబోతుంటే రత్నవ్వ వచ్చి బంపరు మీద కూర్చుంది. ఏడ్చి ఏడ్చి కళ్లు ఎర్రబడ్డాయని వాళ్లనుకున్నారు. ఆమె ఏడవలేదు. దొర శవాన్ని చూడ్డానికి పోతే దొరల బంగళా గడి దర్వాజా దగ్గరే ఆపి, నీకిక్కడ ఏం పని అని తరిమేశారు. అప్పటినుంచి పళ్లు బిగించుకుని తిరుగుతోంది.

"కారు నా పేర్న ఉన్నది. గుంజుకపోతె నన్ను గుడ గుంజుకపోండ్రి" అన్నది.

అది నిజమే. ఆస్తుల లెక్క సర్కారుకు చూపించాల్సి వచ్చినప్పుడు దొర ఆ కారును ఆమె పేరు మీదికి మార్చాడు. ప్రేమతో కాదు, పన్ను తప్పించుకోవడానికి. సొంతవాళ్ల పేర పెడితే దొరికిపోతాడు. రత్నవ్వ ఆయనకు ఏమవుతుందని ఎవరడుగుతారు? విఠల్‌రావు పోలీసుల దాకా పోయాడు. బండి ఆమెదే, మేం చేయగలిగింది లేదని వాళ్లు చేతులెత్తేశారు.

రత్నవ్వది కమ్మర్‌పల్లి. మొగుడు వదిలేసి పోయాక పసుపు ఉడకబెట్టే కూలికి దొర కల్లానికి వచ్చింది. దొర కంట్లో పడింది. నీకిష్టమేనా అని ఆమెను ఎవరూ అడగలేదు. ఆ తర్వాత పన్నెండేళ్లు ఆయన చెప్పిన చోట ఉంది, ఎక్కమన్నప్పుడు కారెక్కింది. ఎప్పుడూ వెనక సీటే. కిటికీలకు ఆకుపచ్చ పరదాలు. ఊరి పొలిమేర రాగానే పరదాలు మూయాలి.

ఒకసారి ఏడో నెల కడుపుతో ఉండగా పొద్దున్నే నొప్పులొచ్చి నెత్తురు పడింది. దొర ఆమెను కారులో వేసుకుని నిజామాబాద్ దవాఖానకు బయలుదేరాడు. డ్రైవరు ఇబ్రహీం. అంకాపూర్ దాటాక ఎదురుగా దొరసాని తమ్ముడి జీపు వస్తూ కనపడింది. దొర ముందు సీట్లోంచి చెయ్యి చాచి ఆమె తల పట్టి కిందికి నొక్కాడు. మీద దుప్పటి విసిరాడు. కారు ఆపించి, దిగి, సిగరెట్ ముట్టించి బావమరిదితో వానల సంగతీ పసుపు ధర సంగతీ తీరిగ్గా మాట్లాడాడు. ఆమె కొంగు నోట్లో కుక్కుకుని కారు అడుగున పడి ఉంది. దవాఖాన చేరేసరికి ఆలస్యమైంది. ఆడపిల్ల. దక్కలేదు. తిరిగొచ్చేటప్పుడు సీటు ఖరాబు కాలేదు కదా అని దొర ఇబ్రహీంను అడిగాడు.

ఆ మాటకు ఆయన్ని నిలదీయాలని రత్నవ్వ ఏళ్ల తరబడి అనుకుంది. భయం తీరి నోరు పెగిలే రోజు రాకముందే ఆయన గుండె ఆగి చచ్చిపోయాడు.

దొర పోయాక ఇబ్రహీం లారీ డ్రైవరుగా కుదిరాడు. అయినా ఊళ్లో ఉంటే శుక్రవారం నమాజ్ కాగానే వచ్చి కారు స్టార్ట్ చేసి, కాసేపు ఇంజను తిప్పి పోయేవాడు. ఒకనాడు ఆమె అతన్నీ వదల్లేదు.

"గా దినం నువ్వన్నా బండి ముందటికి పోనియ్యకపోతివా?"

నేను జీతగాణ్ణి కదా అక్కా అని అతను గొణిగాడు. ఆమె ముఖం తిప్పుకుని లోపలికి పోయింది. అతను మాత్రం రావడం మానలేదు.

పగలంతా గోదాముల్లో పసుపు కొమ్ములు ఏరి, సాయంత్రం ఇంటికొచ్చి ఆమె ఆ కారు తుడిచేది. దొర మీద ప్రేమ ఇంకా పోలేదని వాడకట్టులో చెప్పుకునేవాళ్లు. పక్కింటి నీలవ్వ ఆ మాటే ముఖాన అంటే, రత్నవ్వ చేతిలో గుడ్డ విసిరికొట్టింది.

"ప్రేమనా? ఖరాబైతె గడి ఆళ్లు పాత ఇనుమని ఇడిశిపెడ్తరు. గిట్ల మెరుస్తుంటెనే ఆళ్ల కండ్లు మండుతయ్."

మండాయి. 1995లో స్థానిక ఎన్నికలొచ్చాయి. విఠల్‌రావు నిలబడ్డాడు. తండ్రి కారులో ఊరేగితే పల్లెల్లో పాత మనుషులు గుర్తుపడతారని ఎవరో చెప్పారు. మొదటిసారి ఆమె గడప ముందుకు వచ్చాడు. కూర్చోమంటే కూర్చోలేదు. ఇచ్చిన నీళ్లు తాగలేదు.

"బండి ఒక్క దినం కావాలె, రత్నవ్వా."

"నేను నీకేమైత?"

"గా ముచ్చట ఇప్పుడెందుకు?"

"నలుగుర్ల నన్ను చిన్నమ్మా అని పిలువు. బండి తీస్కపో."

విఠల్‌రావు ముఖం నల్లబడింది. ఉంచుకున్నదానివి, నీ హద్దుల్లో నువ్వుండు అని వెళ్లిపోయాడు. మర్నాటినుంచి గోదాముల్లో ఆమెకు పని దొరకలేదు. ఏ సేటునడిగినా, విఠల్‌రావు సాబు వద్దన్నాడని తల తిప్పుకున్నాడు.

ఆ శుక్రవారం ఇబ్రహీం వచ్చేసరికి ఆమె కారు పరదాలు రెండు చేతులా పీకి కుప్ప పోసింది. ముందు తలుపు తీసి సీట్లో కూర్చుని, గంజ్ మీదుగా గడికి పోనియ్యి అన్నది. అతను ఏదో చెప్పబోయి, ఆమె ముఖం చూసి తాళం తిప్పాడు. పసుపు సీజను. గంజ్ మార్కెట్ నిండా బండ్లు, బస్తాలు. కొంగ కారు పట్టపగలు వస్తుంటే హమాలీలు బస్తాలు దించి చూశారు. ఆమెకు పని లేదన్న సేట్లు దుకాణాల్లోంచి బయటికొచ్చారు. రత్నవ్వ ఒక్కొక్కరి కళ్లలోకి సూటిగా చూస్తూ పోయింది.

గడి ముందు కారు ఆగింది. విఠల్‌రావు ప్రచారానికి పోయాడు. దర్వాజా తీసింది దొరసాని. తెల్లచీర, చేతికర్ర. రత్నవ్వ దిగి, అంకాపూర్ దగ్గర జరిగింది మొదటినుంచి చివరిదాకా వాకిట్లోనే చెప్పింది. గొంతు తగ్గించలేదు. వెంట వచ్చిన జనమంతా విన్నారు.

దొరసాని కర్ర ఊతంతో ఒక మెట్టు దిగింది. "నా తమ్ముడు గా దినమే వచ్చి చెప్పిండు, కార్ల ఎవరో ఆడిమనిషి మూలుగుతున్నదని. నేను దొరను అడగలె. అడిగితె నా బతుకు ఏమైతుండెనో" అన్నది.

తను నోట్లో కొంగు కుక్కుకుని దాచిన మూలుగు ఆ రోజే ఈ ఇంటిదాకా వచ్చిందన్నమాట. రత్నవ్వ ఒక అడుగు ముందుకు వేసింది.

"అంటె మీరందరు ఇన్నరు. ఇని అన్నం తిన్నరు" అన్నది.

దొరసాని తల వంచుకుంది. క్షమించమని అడగలేదు. అడిగినా రత్నవ్వ క్షమించేది కాదు.

విఠల్‌రావు ఎన్నికల్లో గెలిచాడు. అది ఆమెకు మింగుడుపడలేదు. కానీ కడుపు ఊరుకోదు కదా. గంజ్‌లో కారును చూసిన పోచవ్వ, పసుపు కూలికి పోయే మనిషి, బిడ్డ పెళ్లికి కిరాయికిస్తావా అని భయం భయంగా అడిగింది. రత్నవ్వ సరేనంది. పెళ్లికూతురు ఏర్గట్లలోని అత్తగారింటికి ఆ కారులోనే పోయింది. ఆ తర్వాత గోదాముల్లో పసుపు ఏరే మదీనా నిఖా. ఆ తర్వాత వడ్డెర వాళ్ల పెళ్లి. ఇబ్రహీం లారీ మానేసి పూర్తిగా దీనికే వచ్చాడు. గడి వాళ్లకు తప్ప ఎవరడిగినా బండి పోయింది.

కోపం మాత్రం ఆమెను వదల్లేదు. ప్రతి పెళ్లికీ ముందు సీట్లో కూర్చుని తనూ పోయేది. పెళ్లికొడుకు పెళ్లికూతుర్ని జరుగు అని ఒక్కసారి కసిరితే చాలు, కారు ఆపించి, నడి రోడ్డు మీద అతని ఏడు తరాలనూ ఏకరువు పెట్టేది. తిట్లు తినకుండా కొంగ కారు దిగిన పెళ్లికొడుకు ఆర్మూరు చుట్టుపక్కల అరుదు.