కుక్కల పార్కూ, మూడో కరియా

2005లో నేను కర్ణాటకలో చింతామణి ఊరి పశువుల ఆసుపత్రిలో పనిచేస్తుండేవాణ్ణి. డాక్టరును కాదు, డాక్టరు చెప్పిన సూది వేసేవాణ్ణి. అయినా ఊర్లో అందరూ డాక్టరప్పా అనే పిలిచేవాళ్ళు, నేనూ వద్దనలేదు. నా సూదికి భయపడి ఒక ఎద్దు మామిడిచెట్టు ఎక్కిందని నేను చెప్పిన కథ ఇప్పటికీ బస్టాండులో తిరుగుతాంది. అది ఎక్కింది చిన్న చెట్టే. ఇప్పుడు చెప్పేదాంట్లో మాత్రం ఏమీ కలపలేదు, కలపడానికి మనసు రాదు.

ఊరి చివర కొత్త లేఔట్‌లో పార్కు కోసం వదిలిన జాగా ఒకటి ఉండేది. అంతా కంపచెట్లు. లారీ నడిపి మానుకున్న నారాయణప్ప అనే పెద్దాయన, దానికి కంచె వేసి, పొద్దున ఒక గంట కుక్కల్ని గొలుసు విప్పి వదలనియ్యమని మున్సిపాలిటీకి అర్జీ పెట్టినాడు. దినమంతా గొలుసులో ఉండే కుక్కకు కోపం ఎక్కువవుతుందనేది ఆయన మాట. అది అబద్ధమూ కాదు.

బడి వరండాలో మీటింగు పెట్టినారు. మనుషులు కూర్చోను ఒక బెంచీ లేదు, కుక్కలకి పార్కంట అని ఒకరు. అట్లే వాటికి ఒక హోటలు కూడా పెట్టు నారాయణప్పా అని ఇంకొకరు. అందరూ నవ్వినారు. నవ్వనిది రత్నమ్మ ఒకతే. ఆమె మార్కెట్టు దగ్గర పూలు అమ్మేది. ఎన్నో ఏండ్ల కిందట ఆమె భర్తను వీధికుక్క కరిస్తే, నాటుమందు తిని, పథ్యం చేసి, తగ్గిందనుకున్నారు. కొన్ని నెలలకు గ్లాసులో నీళ్ళు చూస్తేనే గొంతు బిగుసుకుపోయి ఆ మనిషి పోయినాడు. అప్పటికి వాళ్ళ కూతురు మంజుల చంటిబిడ్డ.

"నేను కుక్కల్ని చంపమనలేదప్పా," అనింది రత్నమ్మ. "కట్టేసుకోండి అంటాండాను. నాకుండేది ఒకటే బిడ్డ. దాని బడి దోవ ఆ జాగా పక్కనే."

ఒక నెల చూద్దామని కౌన్సిలరు తేల్చినాడు. మెడలో టీకా బిళ్ళ ఉన్న కుక్కలనే లోపలికి వదలాలన్నాడు. ఆ బిళ్ళంటే, మేము క్యాంపుల్లో ఏఆర్‌వీ, అంటే పిచ్చికుక్క జబ్బు రాకుండా ఇచ్చే టీకా, వేసినాక కట్టే అల్యూమినియం ముక్క. అప్పట్లో దాని మీద ఏ సంవత్సరమో కొట్టేవాళ్ళు కాదు. గేటు దగ్గర మున్సిపాలిటీ మనిషి బిళ్ళ చూసి వదిలేవాడు.

నెల తిరగకముందే నారాయణప్ప కుక్క కరియ కంచె సందులోంచి బయటపడి, బడికి పోతున్న మంజుల పిక్క పట్టుకునింది.

నేను పోయేసరికి రత్నమ్మ కొళాయి కింద బిడ్డ కాలు సబ్బుతో కడుగుతాండాది. చుట్టూ జనం. బిళ్ళ ఉంది కదా, ఏమీ కాదు, పసుపు పెట్టి ఇంటికి పిలుచుకొని పో అని తలా ఒక మాట చెప్తాండారు. రత్నమ్మ ఎవరి మాటా వినకుండా నా ముఖం చూసింది.

నేను కుక్కను చూసినా. కరియ అంటే కన్నడంలో నల్లోడు. నేను సూది వేసిన కరియ నల్లదే, దానికి ఎడమ చెవి చిరిగి ఉండేది. ఇది గోధుమ రంగుది, రెండు చెవులూ నిక్కి ఉండాయి.

"నారాయణప్పా, ఇది ఏ కరియ?"

మా పక్క కొన్ని ఇండ్లలో కుక్క చచ్చిపోతే దాని పేరు, గిన్నె, మెడపట్టీ తరువాత వచ్చిన కుక్కకు పోతాయి, తాత పేరు మనవడికి పెట్టినట్టు. నారాయణప్ప ఇంట్లో పట్టీతో పాటు టీకా బిళ్ళ కూడా కొత్త కుక్క మెడకు పోయింది. మోసం కాదు. ఇంట్లో కరియ ఉండాడు, కరియకు సూది వేయించినాం, అంతే ఆయన మనసులో ఉండేది. ఇప్పుడు నిజం చెప్తే, కాళ్ళరిగేలా తిరిగి సాధించిన పార్కు పోతుంది. చెప్పకపోతే ఆ బిడ్డ పసుపు పెట్టుకొని ఇంటికి పోతుంది.

"ఇది మూడోది," అన్నాడు. "సూది వేయించింది మొదటిదానికి. దీనికి లేదమ్మా రత్నమ్మా. బిడ్డను ఎత్తుకో, ఆటో పిలుచుకొస్తా."

ఆసుపత్రిలో మంజులకు చేతికి సూదులు మొదలుపెట్టినారు. కుక్కను కొట్టి చంపుదామని కొందరు కట్టెలు పట్టుకొని వస్తే నేను అడ్డం పడినా. కరిచిన కుక్కను చంపకూడదు, కట్టేసి చూడాలి. మేము దాన్ని అబ్జర్వేషన్ అంటాం. కరిచేటప్పటికే దాని ఎంగిలిలో జబ్బు ఉంటే అది పది దినాల లోపల చస్తుంది. తింటా తాగతా బతికుంటే బిడ్డకు భయం లేదు.

ఆ మాట రత్నమ్మ వినింది. మర్నాడు పొద్దున్నే పూలబుట్టతో నారాయణప్ప గేటు బయట నిలబడింది.

"నీళ్ళు తాగతాండాదా?"

తాగిందని చెప్తే ఒప్పుకోలేదు. తన ఎదురుగా గిన్నె పెట్టించి, కుక్క నాలుక చప్పుడు వినేదాకా కదల్లేదు. రోజూ అంతే. కుక్కలంటేనే మండిపడే మనిషి, ఒక కుక్క ఆయుస్సు కోసం పొద్దున లేస్తే దేవుడికి దండం పెట్టుకుంటా ఉండింది.

ఒకరోజు నేనూ అక్కడే ఉన్నా. కుక్క గిన్నె వాసన చూసి తల పక్కకు తిప్పుకునింది. నేను వద్దనేలోపలే రత్నమ్మ గేటు తోసుకొని లోపలికి వచ్చింది. గిన్నెలో చీమలు తేలుతాండాయి. పారబోసి, తోమి, కొత్త నీళ్ళు పట్టి, గొలుసు అందే దూరంలోకి తనే జరిపింది.

"తాగు నాయనా," అనింది. "నా బిడ్డ కోసం తాగు."

కుక్క మళ్ళీ గిన్నె వాసన చూసింది. ఆ తరువాత తాగింది.

గడువు దాటినాక కూడా కుక్క నిక్షేపంగా ఉండింది. మంజుల బడికి పోయింది. మళ్ళీ మీటింగు పెడితే, నారాయణప్ప అర్జీ వెనక్కి తీసుకుంటానని లేచినాడు. రత్నమ్మ ఆయన్ను కూర్చోమనింది.

"కట్టేస్తే చాలు అనుకుంటా ఉంటి. ఇన్ని దినాలు దాన్ని గొలుసులో చూసినా. వదలండప్పా. కంచె సందులు మూయండి. బీగం చెవి నా చేతికియ్యండి. డాక్టరప్ప నా కండ్ల ముందర సూది వేసిన కుక్కకే నేను గేటు తీస్తా."

ఈసారి ఎవరూ నవ్వలేదు. గేటు తాళంచెవి ఆమెకే ఇచ్చినారు.

నేను వేరే ఊర్లకు బదిలీ అయి, ఎన్నో క్యాంపులు చేసినా. ప్రతి చోటా, కుక్కలంటే ప్రాణమిచ్చేవాళ్ళు సాయానికి ముందుకొస్తారు. నేను మాత్రం కుక్కలంటే వణికే మనిషిని ఒకరిని వెతికి, బతిమాలి పక్కన కూర్చోబెట్టుకుంటా. ప్రేమ ఉన్నవాళ్ళు కుక్క పేరు చెప్తారు. భయం ఉన్నవాళ్ళు కుక్కను చూస్తారు.