ముందే చెప్పిన కృతజ్ఞత

ఎలీశమ్మ మా హాస్టల్లో వంటమనిషి. చైతన్యపురి మెట్రో దిగి లోపలి సందులోకి వస్తే, గ్రూప్స్‌కీ బ్యాంకు పరీక్షలకీ చదువుకునే ఆడపిల్లలుండే హాస్టల్ మాది. నేను వార్డెన్ని. పప్పులో ఉప్పెక్కువైందని ఏ పిల్లయినా అంటే, "మీ అమ్మ చేసినప్పుడు ఎన్నిసార్లు చెప్పినవ్ బిడ్డా?" అని అడిగి నోరు మూయించేది. రెండో ఆమ్లెట్ అడిగే ధైర్యం ఎవరికీ ఉండేది కాదు. అయితే జ్వరం తగిలిన పిల్లకు మాత్రం మిరియాల చారు కాచి, మెట్లెక్కి వెళ్లి తనే ఇచ్చేది. గ్లాసు ఖాళీ అయ్యేదాకా నెత్తిమీద నిలబడేది.

ఆవిడది నకిరేకల్ దగ్గర పల్లె. భర్త శాంసన్ దిల్‌సుఖ్‌నగర్లో ఒక హోటల్లో బిర్యానీ మాస్టర్‌గా చేసేవాడు. నెమ్మదస్తుడు. ఇంట్లో మాటలన్నీ ఎలీశమ్మవే, ఆయన తలూపేవాడు. ఒక్కసారి మాత్రం ఆయన మాట నెగ్గింది. ఓడల్లో వంటవాడి కోర్సు చేసి, సరుకులు మోసే ఓడ ఎక్కుతానన్నాడు. కూతురు బ్లెస్సీని నర్సింగ్ చదివించాలని ఆయన కోరిక. ఎలీశమ్మ వారం రోజులు ఆయనతో మాట్లాడలేదు, తర్వాత బ్యాగు తనే సర్దిపెట్టింది.

మొదటి ఏడు బాగానే గడిచింది. రెండో ఏడు ఓడ ఒక పరాయి రేవులో ఆగిపోయింది. యజమాని నలుగురికీ బాకీపడి, ఫోన్ ఎత్తడం మానేసి మాయమయ్యాడు. రేవువాళ్లు ఓడను జప్తు చేసి, ఒడ్డుకు దూరంగా లంగరు వేయించారు. ఓడతోపాటు అందులోని మనుషులూ జప్తయిపోయారు. జీతం లేదు, డీజిల్ అయిపోతోంది, పాస్‌పోర్టులు రేవు ఆఫీసులో ఉన్నాయి. ఏదో చర్చివాళ్లు పడవలో బియ్యం తెచ్చిస్తే వండుకోవడం, గాలం వేసి చేపలు పట్టుకోవడం. ఇదీ శాంసన్ బతుకు.

ఇక్కడ నాకు ఒళ్లు మండే సంగతి చెప్పాలి. ఆ ఓడ మీద ఎగిరే జెండా ఒక దేశానిది. యజమాని ఇంకో దేశం వాడు. రేవు మూడో దేశానిది. జెండా దేశం యజమానిని అడగమంది. యజమాని దేశం జెండా ఎవరిదో చూసుకోమంది. రేవు దేశమేమో, ఓడను అనాథగా వదిలి అందరూ దిగిపోతే మా రేవుకు ప్రమాదం కదా అంది. మనవాళ్లు అందరితోనూ సంప్రదిస్తున్నామన్నారు. ఓడల్లో పనిచేసేవాళ్లను ఇలా గాలికొదిలేయకూడదని ప్రపంచ దేశాలు ఎప్పుడో కూర్చుని ఒప్పందం రాసుకున్నాయట కూడా. ఆ దేశాల పేర్లు ఇక్కడ రాయను. రాసినా వాళ్లకు సిగ్గు రాదు.

ఎల్బీ నగర్లో మురళీకృష్ణ అనే అతను వలస కార్మికుల కోసం ఒక సంఘం నడుపుతాడు. గల్ఫ్‌లో చిక్కుకున్నవాళ్లను వెనక్కి రప్పించడం అతని పని. ఎలీశమ్మ అతన్ని పట్టుకుంది. పిల్లలకు మధ్యాహ్నం భోజనం పెట్టేసి, కొంగు నడుముకు బిగించి బస్సెక్కేది. ఏ ఆఫీసుకు రమ్మంటే ఆ ఆఫీసుకు వెళ్లింది. మానవ హక్కుల దినం నాడు ఎల్బీ నగర్లో ఒక ఫంక్షన్ హాల్లో సభ పెట్టి, ఆవిడను కూడా వేదికెక్కించారు. వెనక బ్యానర్ మీద భూగోళం, దాని మీద తెల్ల పావురం. ప్రపంచశాంతి గురించి పెద్దమనుషులు చాలాసేపు మాట్లాడాక మైకు ఆవిడకిచ్చారు.

"మా ఆయనను దింపుండ్రి సార్. అంతే," అంది ఎలీశమ్మ.

హాలంతా చప్పట్లు మోగాయి. శాలువా కప్పారు. ఆ సాయంత్రం వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతూ నన్నడిగింది: "చప్పట్లెందుకు కొట్టిండ్రు మేడం? నేనేమన్న జోక్ చెప్పిన్నా?"

పాలవాడు రాలేదని ఏదో మాట మార్చాను.

ఆ తర్వాత కొన్నాళ్లకు మురళీకృష్ణ ఫోన్ చేశాడు. ఓడ పనివాళ్ల అంతర్జాతీయ యూనియన్ ఒకటి గట్టిగా పట్టుబట్టిందట. ఎట్టకేలకు మూడు దేశాల అధికారులూ, మనవాళ్లూ ఒకే బల్ల దగ్గర కూర్చున్నారట. టికెట్లు యూనియన్ కొంటుంది, అందరినీ దింపి ఇళ్లకు పంపుతారు. ఎలీశమ్మ గరిటె పట్టుకునే నేలమీద కూలబడి ఏడ్చింది. నేనూ ఏడ్చాను, ఇందులో దాచడానికేముంది. ఆ రాత్రి పిల్లలందరికీ రెండో ఆమ్లెట్ దొరికింది.

ఎలీశమ్మ వాళ్ల చర్చి సంఘంలో ఒక పద్ధతి ఉంది. ప్రార్థన ఫలిస్తే ఇంట్లో కృతజ్ఞత కూడిక పెట్టి, వాక్యం చెప్పించి, అందరికీ భోజనం పెడతారు. గట్టి నమ్మకం ఉన్నవాళ్లు ఫలించకముందే పెడతారు. బక్కయ్య అనే ఆటో డ్రైవరు కిడ్నీ ఆపరేషన్‌కు ముందే కూడిక పెట్టి, ఇప్పటికీ చక్కగా ఆటో నడుపుకుంటున్నాడని అక్కడ అందరూ చెప్పుకుంటారు. ఎలీశమ్మ కూడా ముందే పెడతానంది.

"ఆయన వచ్చాక పెట్టుకోవచ్చుగా ఎలీశమ్మా? తొందరేం వచ్చింది?" అన్నాను.

"వచ్చినంక పెడితే గది థాంక్స్ చెప్పుడు మేడం. రాకముందు పెడితేనే నమ్ముడు."

కొత్తపేటలో వాళ్లుండే కిరాయి ఇంటి డాబా మీద షామియానా వేశారు. నేనూ వెళ్లాను. మెట్ల దగ్గర శాంసన్ ఫోటోతో ఫ్లెక్సీ కట్టారు. "సహోదరుడు శాంసన్‌ను క్షేమంగా ఇంటికి చేర్చిన దేవునికి స్తోత్రం" అని రాసి, కింద ఓడ పేరు కూడా వేయించారు. ఓడ పేరెందుకని అడిగితే, "సముద్రంల ఎన్ని ఓడలుంటయో, దేవునికి పరేషాన్ ఉండొద్దు కద," అంది. పాస్టరు ఎబినేజర్ గారు కళ్లు మూసుకుని, గొంతు బొంగురుపోయేదాకా ప్రార్థించారు. ఊరి నుంచి వచ్చిన శాంసన్ తమ్ముడు పేతురుకు అన్న బదులు శాలువా కప్పారు. పేతురు అచ్చం అన్న పోలికే. ఎలీశమ్మ కొత్త చీరలో, పేతురు శాలువాతో, మధ్యలో బ్లెస్సీ, ఫ్లెక్సీ ముందు నిలబడి ఫోటో దిగారు. బిర్యానీ బ్రహ్మాండంగా ఉంది. సంఘంలోని కుర్రాళ్లు సంతోషం పట్టలేక ఆ ఫోటోలన్నీ ఫేస్‌బుక్‌లో పెట్టి, నాలుగు దేశాలవాళ్లూ చదవాలని ఇంగ్లీషులో కూడా రాశారు.

చదవాల్సినవాళ్లే చదివారు.

తర్వాతి వారం మురళీకృష్ణ ఫోన్ చేయకుండా తిన్నగా హాస్టల్‌కు వచ్చాడు. వంటింట్లో బల్ల మీద కూర్చుని, నీళ్లు తాగి, మళ్లీ తాగాడు.

"అక్కా, ఓడ నుంచి అందరు దిగిండ్రు. బావ దిగలే," అన్నాడు.

యూనియన్ ఆఫీసులో టికెట్లు చూసే అమ్మాయికి, ఓడ వార్తల కోసం వెతుకుతుంటే మా ఫోటోలు దొరికాయట. భార్య, కూతురు, శాలువా కప్పుకున్న మనిషి, వెనక ఫ్లెక్సీ మీద ఓడ పేరు. ఈయన ఎలాగో ముందే ఇంటికి చేరాడనుకుంది. అడిగి చూద్దామంటే ఓడలో డీజిల్ లేక ఫోన్లన్నీ చచ్చి ఉన్నాయి. సంతోషించి, ఆయన టికెట్టు రద్దు చేసింది. పోలీసులు పడవలో పాస్‌పోర్టులు తీసుకుని వెళ్లినప్పుడు శాంసన్‌ది అందులో లేదు. తర్వాత చూద్దామని మిగతావాళ్లను ఎక్కించుకుని వెళ్లిపోయారు. ఇప్పుడు పొరపాటు దిద్దుదామంటే, ఓడ మీద కాపలాకు ఒక మనిషైనా ఉండి తీరాలని రేవు దేశపు కోర్టు ఆదేశం ఇచ్చింది. ఉన్నది ఈయన ఒక్కడే. వంటవాడు కాపలాదారయ్యాడు.

"మల్ల మూడు దేశాలు కూసోవాలె అక్కా. యూనియనోళ్లు సారీ చెప్పిండ్రు," అన్నాడు మురళీకృష్ణ తల దించుకుని.

"ఎప్పుడు కూసుంటరు?"

అతను ఇంకో గ్లాసు నీళ్లు ముంచుకున్నాడు. ఎలీశమ్మ ఏడవలేదు. పొయ్యి కట్టేసి, మళ్లీ వెలిగించి, పప్పుకు పోపు పెట్టింది.

తర్వాతేం జరిగిందంటే, ఏమీ జరగలేదు. ఆ యజమాని దేశానికి ఎన్నికలొచ్చాయి. జెండా దేశంలో అధికారి మారి, కొత్తాయన ఫైలు చదువుతున్నానన్నాడు. వేరే చోట ఎక్కడో యుద్ధం మొదలై, యూనియన్‌కు అంతకంటే పెద్ద పనులు పడ్డాయి. ఆదివారం సంఘంలో లోకశాంతి కోసం ప్రార్థిస్తూ యుద్ధం జరుగుతున్న దేశాల పేర్లు చదువుతారు. శాంసన్‌ను పట్టుకున్న దేశాలు ఎవరితోనూ యుద్ధంలో లేవు, కాబట్టి వాటి పేర్లు రావు. ప్రార్థన విన్నపాలు అడిగినప్పుడు ఎలీశమ్మ చెయ్యెత్తదు. బిర్యానీ తిన్నవాళ్ల ముందు మళ్లీ అదే కోరిక అడగడమంటే, దేవుడు చెయ్యలేదని తనే సాక్ష్యం చెప్పినట్టవుతుందట. ఎబినేజర్ గారు కూడా ఆవిడ వైపు చూడకుండా వెళ్లిపోతారని బ్లెస్సీ చెప్పింది. ఆయన మీద నాకున్న కోపం ఇంకా తగ్గలేదు.

మొన్న మధ్యాహ్నం శాంసన్ ఫోన్ వచ్చింది. చర్చివాళ్ల పడవవాడి ఫోన్ నుంచి చేశాడు. ఎలీశమ్మ చేతులు పిండితో ఉంటే, స్పీకర్ నేనే పెట్టాను.

"అందరు పోయిండ్రు. నా ఒక్కని పేరే ఎట్ల తప్పింది ఎలీశా?" అన్నాడు.

"ఏమో," అంది.

"పాత ఓడ, ఎవరు కొంటలేరు. ఇది అమ్ముడువోవాలె, లేకుంటె మునగాలె. అప్పటిదాంక మనిషి ఉండాల్నంట. బిడ్డ చదువుతున్నదా?"

"చదువుతున్నది. నువ్వు జర పైలం," అంది. లైను తెగిపోయింది. ఆవిడ చపాతీలు ఒత్తడం మొదలుపెట్టింది.

నిన్న సామాన్ల గదిలోకి వెళ్లేసరికి, బియ్యం బస్తాల మధ్య ఎలీశమ్మ మోకాళ్ల మీద ఉంది. పెదవులు కదులుతున్నాయి. ఆ కూడిక తర్వాత ఆవిడ ప్రార్థన చేయడం నేను చూడలేదు. మళ్లీ నమ్మకం వచ్చిందేమోనని నాకు కాస్త ప్రాణం లేచివచ్చింది. ఆవిడ లేచి కొంగు దులుపుకునేదాకా గుమ్మం దగ్గరే ఆగాను.

"మళ్లీ మొదలుపెట్టావన్నమాట. మంచిదే. మూడు దేశాలూ త్వరగా కూర్చోవాలని అడిగావా?"

"లేదు మేడం. ఓడ మునగాలని."

"అవేం మాటలు ఎలీశమ్మా, ఆయన అందులోనే ఉన్నాడు కదా!" అన్నాను.

"మునిగితెనే దింపుతరట కద. మనుషులను కూసోపెట్టుడు దేవునితోని అయితలేదు. ఓడను ముంచుడైతే చిన్న పనే." బస్తా మూతి విప్పి, పిల్లల అన్నానికి బియ్యం కొలవసాగింది. "పగటిపూట ముంచమని చెప్తున్న మేడం. ఒడ్డుకు దగ్గర్ల, పక్కన పడవలున్నప్పుడు. మా ఆయనకు ఈత రాదు."