మోకాలెత్తు జాజు

ఈ కథ అయిపోయే ముందు నేను నా సొంతింట్లో, వంటింటి గట్టు మీద కాళ్లు ముడుచుకుని కూర్చుని ఉంటాను. ముందే చెప్పేస్తే మీరు తీరిగ్గా నవ్వుకోవచ్చు. నన్ను ఎవరో మోసం చేశారనుకునేరు. ఆ వ్యవహారంలో ఒక్కడు కూడా నాతో అబద్ధం చెప్పలేదు. అసలు బాధ అదే.

నాది అనుమానపు బుర్ర. ఇబ్రహీంపట్నం అంగట్లో కూరగాయలామె పిడికెడు కొత్తిమీర ఊరికే వేస్తే, అడుగున ఏం కుళ్లిందోనని సంచి మొత్తం అక్కడే కుమ్మరించి చూసేవాణ్ణి. కందుకూరు నుంచి వచ్చి ఏళ్ల తరబడి కిరాయి ఇళ్లలో ఉండి, చివరికి మొదటిసారి ఇల్లు కొనడానికి బయలుదేరాను. మా బాపు అమ్మిన అరెకరం పొలమూ అందులోకే పోతోంది. తప్పటడుగు పడితే ఇంకో ఇల్లు కొనే తాహతు లేదు.

నా భార్య సునీత శేరిగూడలో ఒక కాలేజీ ల్యాబులో పనిచేస్తుంది. ఆమెకు అటువైపే ఒక ఇల్లు నచ్చింది. చూడ్డానికి పోతే చుట్టుపక్కల వాళ్లంతా మెచ్చుకునేవాళ్లే. నీళ్లు రోజూ వస్తాయట, బస్సు దగ్గరట. ఒక పెద్దమనిషి లోపలికి పిలిచి చాయ్ కూడా పోశాడు. ముక్కూమొహం తెలియనివాడికి చాయ్ ఎందుకు పోస్తారు చెప్పండి? ఏదో ఉందనుకుని సగం చాయ్ అక్కడే వదిలేసి సునీతను లాక్కొచ్చాను.

తర్వాత చూసింది ఇబ్రహీంపట్నంలోనే పల్లాన ఉన్న ఒక గల్లీ. అక్కడ ఈ మర్యాదలేం లేవు. గేటు దగ్గర మమ్మల్ని చూడగానే పక్కింటి అంజమ్మ వచ్చి నిలబడింది.

"కొనకు బిడ్డా. వానకాలం మోకాళ్లదాక నీళ్లొస్తయ్. పైన ప్లాట్లు చేసి వాగు పూడ్చిండ్రు. గా నీళ్లన్ని ఇట్లనే పోతయ్."

నేను లోలోపల నవ్వుకున్నాను. ఈమె కన్ను ఈ ఇంటి మీద ఉంది, మమ్మల్ని బెదరగొట్టి కొడుకుతో కొనిపిద్దామని చూస్తోంది. ఎదురింటి ఆటో నడిపే అన్న కూడా అదే మాట అన్నాడు. సరే, ఇద్దరూ ఒకటే. మూలమీది కిరాణా దుకాణమాయన ఏకంగా చేతులు జోడించి వద్దన్నాడు. ముఠా పెద్దదే అనుకున్నాను.

సునీతకు వేరే అనుమానాలు. "గీ గల్లీల బండ్లన్ని గద్దెల మీద ఎందుకు పెట్టిండ్రు?" అని అడిగింది. దొంగల భయానికి అన్నాను. కరెంటు స్విచ్చులు అంత ఎత్తున ఎందుకంటే, పిల్లలకు అందకుండా అన్నాను.

పైగా ఆ గల్లీలో నా మనసు దోచుకున్నది ఇంకొకటుంది. ప్రతి ఇంటి గోడకూ కింద, మోకాలెత్తున, ఎర్రమట్టి రంగు పట్టీ. మా ఊళ్లో పండగొస్తే అమ్మ గోడ కింద జాజు పూసేది, అచ్చం అట్లాగే. సిమెంటు ఇళ్లకు కూడా జాజు పూస్తున్నారంటే, అదీ గల్లీ మొత్తం దారం పట్టి గీసినట్టు ఒకే ఎత్తున పూస్తున్నారంటే, ఎంత పద్ధతిగల మనుషులు? మేం చూస్తున్న ఇంటికి మాత్రం కొత్తగా తెల్లసున్నం కొట్టి ఉంది. అయ్యో, దీనికి జాజు లేదే అని చిన్నబుచ్చుకున్నాను. సునీత ఎదురింటి గోడను గోటితో గీకి వాసన చూసింది.

"బురద వాసనొస్తుంది," అంది.

జాజు మట్టే కదా, మట్టి వాసన రాక అత్తరు వాసన వస్తుందా అన్నాను. ఇల్లు కొన్నాను.

ఎండాకాలం హాయిగా గడిచింది. మొదటి పెద్ద వానకు, సరిగ్గా మేం అన్నానికి కూర్చున్నప్పుడు, నీళ్లు గేటు తోసుకుని నేరుగా వంటింట్లోకి వచ్చాయి. బియ్యం డబ్బా తేలుతూ హాల్లోకి పోయింది. ఇద్దరం గట్టెక్కాం. సునీత వంగి ఆ నీళ్లలో వేలు ముంచి, నా ముక్కు దగ్గర పెట్టింది. తిట్టినా బాగుండేది. బాపు అరెకరం గుర్తొచ్చి నాకు నిజంగానే ఏడుపొచ్చింది.

అంజమ్మ తన మెట్ల మీద నిలబడి మా కిటికీలోంచి రెండు జొన్నరొట్టెలు అందించింది.

"చెప్పిన గదా బిడ్డా."

"నీ కొడుకు కోసం చెప్తున్నవనుకున్న."

"నాకు కొడుకులేడున్నరు? ముగ్గురూ ఆడపిల్లలే."

సాయంత్రానికి నీళ్లు తీశాయి. నా తెల్లటి గోడకు, పైసా ఖర్చు లేకుండా, మోకాలెత్తున జాజు పడింది.

మొన్న వెనకింటిని చూడ్డానికి ఒక కొత్త జంట వచ్చింది. పాపం అనిపించి, కొనకు తమ్మీ, నీళ్లొస్తాయి అన్నాను. అతను నన్ను ఎగాదిగా చూశాడు. ఆ చూపు నాకు బాగా తెలుసు. "ఈయన బామ్మర్దికి గావాల్నేమో," అని భార్య చెవిలో అనడం నాకు వినబడింది. అప్పుడు బుద్ధి పనిచేసింది. ఇద్దరినీ లోపలికి పిలిచి, చాయ్ పోసి, గల్లీని ఆకాశానికెత్తాను. నీళ్లకు కరువే లేదన్నాను. అతను సగం చాయ్ వదిలేసి భార్యను లాక్కుపోయాడు.

అందుకే ఆ జాజు మీద చెయ్యిపెట్టి ఒట్టు వేస్తున్నాను. ఇక మీదట ముక్కూమొహం తెలియనివాళ్లు చాయ్ పోస్తే, ఒక్క చుక్క వదలకుండా తాగి, వాళ్ల పక్కిల్లే కొంటాను.