బండి లేకుండా రేడియో విప్పని మేస్త్రీ

కారు రేడియోల మేస్త్రీ పోయాడని మంగళవారం పొద్దున పాలప్యాకెట్లు వేసే ఆమె చెప్పింది. "నిన్న సాయంత్రం కుర్చీలో కూర్చున్నోడు కూర్చున్నట్టే పోయినాడంట సార్" అంది. నేను అప్పుడు పత్రికకు ఒక వ్యాసం రాస్తున్నాను. ఎవరినో తిట్టే వ్యాసమే. అది సగంలో ఆగిపోయింది. ముందు ఇది రాయాలి.

కారున్న వాళ్లకు ఈ అవస్థ తెలిసే ఉంటుంది. బ్యాటరీ దిగిపోతుంది. కొత్తది వేయిస్తారు. బండి చక్కగా కదులుతుంది గానీ రేడియో పాడదు. దాని అద్దం మీద 'కోడ్' అన్న మాటొకటి, పక్కన నాలుగు గీతలు. ఆ నాలుగంకెలు ఒక చిన్న కార్డు మీద రాసి ఉంటాయి. ఆ కార్డు బండిని మొదట కొన్నవాడి బీరువాలో ఉంటుంది, లేదా ఎక్కడా ఉండదు. దొంగ ఎత్తుకుపోయినా పనికి రాకూడదని పెట్టిన తాళమట అది. ఎంతమంది దొంగల్ని ఆపిందో నాకు తెలియదు. పాత బండి కొనుక్కున్నవాణ్ణి, పరాయి బండి తోలుకుని బతికేవాణ్ణి మాత్రం బాగా ఏడిపించింది. కొన్న మనిషినే నువ్వెవరని అడిగే వస్తువును ఎందుకు భరించాలి? షోరూముకు వెళితే అక్కడా కాగితాలు అడగడం, మళ్లీ రేపు రమ్మనడం. నా బండికి ఆ గతి పట్టినప్పుడే నేను మేస్త్రీ దగ్గరికి మొదటిసారి వెళ్లాను.

తిరుపతిలో మా వీధి చివర రెండు లాడ్జీల మధ్య ఆయన షాపు. కారు పట్టే చోటు కాదు, ఆయన కుర్చీ, బల్ల పట్టేవి. బండి రోడ్డు మీదే నిలవాలి. సైకిలు పుల్లలు వంచి చేసుకున్న రెండు కొక్కేలను రేడియోకు అటూ ఇటూ దూర్చి, పసిబిడ్డను ఉయ్యాల్లోంచి తీసినట్టు దాన్ని మెల్లగా బయటికి లాగేవాడు. విప్పిన మరలను స్టీలు టిఫిన్ మూతలో, విప్పిన వరుసలోనే పెట్టేవాడు. లోపలి చిన్న చిప్పును తన పాత కంప్యూటరుతో చదివించి నాలుగంకెలు బయటికి తీసేవాడు. రేడియో తెరుచుకున్నాక తను ఏ స్టేషనూ పెట్టేవాడు కాదు. చెయ్యి తుడుచుకుని పక్కకు జరిగి, "మీ పాట మీరే పెట్టుకోండప్పా" అనేవాడు.

నేను ఆ రోజు కంపెనీలను, ఆ తాళాన్ని, రేడియోను కలిపి తిడుతుంటే, "మరిచిపోయిన దాన్ని తిట్టకూడదబ్బా. గుర్తు చేయాల, అంతే" అన్నాడు. నాకంటే పదిహేనేళ్లు పెద్ద. అప్పటినుంచి సాయంత్రాలు ఆయన షాపు ముందు స్టూలు నాదైపోయింది. నేను ప్రభుత్వాలను కూలదోస్తుంటే ఆయన వైర్లు అతికించేవాడు.

ఆయనకు ఒక పట్టింపు ఉండేది. బండి రావాలి, బండి కాగితం రావాలి. ఉత్త రేడియోను చేత్తో పట్టుకొస్తే ముట్టుకునేవాడు కాదు. ఎందుకని అడిగితే "బండి కాడ సూద్దాం" అనేవాడు. దాని మీదే మా ఇద్దరికీ పెద్ద గొడవ వచ్చింది.

మూడేళ్ల కిందటి ఎండాకాలం. నాయుడుపేట నుంచి ఒక డ్రైవరు బస్సులో వచ్చాడు. చేతిలో గుడ్డసంచి, సంచిలో రేడియో. ఆయన తోలేది ఒక కాంట్రాక్టరు కారు. బ్యాటరీ తీగలకు తుప్పు పడితే ఓనరుకు చెప్పకుండా తనే విప్పి, తుడిచి, బిగించాడు. మంచి పనే చేశాడు గానీ రేడియో కోడ్ అడిగింది. ఓనరు డబ్బు పోసి కూడిక తొమ్మిది వచ్చేట్టు ఫ్యాన్సీ నంబరు కొన్న మనిషి. అంత మోజున్నవాడు రేడియోకూ అదే పెట్టి ఉంటాడని డ్రైవరు బండి నంబరు కొట్టాడు. తర్వాత ఓనరు ఫోను చివరి అంకెలు కొట్టాడు. రేడియో పూర్తిగా బిగుసుకుపోయింది. సాయంత్రానికల్లా పాడకపోతే రేపటినుంచి పనిలోకి రావద్దన్నాడట ఓనరు. నీ తప్పుకు నా డీజిలు ఎందుకు, బస్సులో పోయి చేయించుకుని రా అన్నాడట.

"యాడుండాది బండి?" అన్నాడు మేస్త్రీ.

"నాయుడుపేటలోనే ఉండాదన్నా. తీసుకపోనీలేదు."

"అట్లయితే నా చేత కాదప్పా."

డ్రైవరు సంచి మూతి ముడి వేసుకుంటున్నాడు. ఆ ముడి చూడగానే నాకు ఒళ్లు మండింది. బల్ల మీద పది నిమిషాల పని. దానికి ఒక మనిషి బతుకుతెరువు పోవాలా? వీధి వీధంతా వినేట్టు అరిచాను. బట్టలు చూసి మనిషిని దొంగ అనుకుంటున్నావన్నాను. షోరూము వాడికీ నీకూ తేడా ఏముందన్నాను. అంతటితో ఆగి ఉంటే బాగుండేది.

"నీది పోలీసు బుద్ధి" అన్నాను.

మేస్త్రీ చేతిలోని టెస్టరు కాసేపు కదల్లేదు. తర్వాత దాన్ని జేబులో పెట్టుకుని లేచాడు. కంప్యూటరు సంచీ భుజానికి వేసుకున్నాడు. షట్టరు దించి డ్రైవరుతో, "పదప్పా, నీ బండి కాడికే పోదాం" అన్నాడు. నా వైపు తిరిగి, "నువ్వూ రా. అరిసినోడివి సూడద్దా?" అన్నాడు.

పంతానికి నేనూ బస్సెక్కాను. నాయుడుపేటలో దిగి నడిచేటప్పుడు ఆయన వెనకపడుతుంటే, తొందరగా రమ్మని విసుక్కున్నాను కూడా. ఆయన ఎప్పుడూ కుడిపక్కకు కొంచెం ఒరిగి నడిచేవాడు. వయసు అనుకునేవాణ్ణి.

కాంట్రాక్టరు ఇంటి ముందు రేకుల షెడ్డులో కారుంది. కాంట్రాక్టరు బయటికి వస్తూనే డ్రైవరును నిలువునా కడిగాడు. మేస్త్రీ అంతా విని, సంచి విప్పకుండానే, "సార్, బండి కాగితం సూపిస్తారా?" అన్నాడు.

"ఇది నా ఇల్లు. నా బండి. నన్నే అడుగుతావా?"

"ఎవురినైనా అడుగుతా సార్."

డ్రైవరు ముఖంలో నెత్తురు లేదు. ఉన్న ఆశ కూడా పోయిందనుకున్నాడు. కాంట్రాక్టరు మేస్త్రీని ఎగాదిగా చూశాడు. బట్టలు చూసే మనిషని ఎవరినైతే తిట్టానో ఆ మనిషి, బంగారు గొలుసు వేసుకున్నవాణ్ణి అదే మాట, అదే గొంతుతో అడుగుతున్నాడు. చివరికి కాంట్రాక్టరు గొణుక్కుంటూ లోపలికి వెళ్లి కాగితం తెచ్చాడు. మేస్త్రీ బండి నంబరుతో పోల్చి చూసుకుని, దండం పెట్టి, పని మొదలుపెట్టాడు.

కోడ్ దొరకడానికి పావుగంట పట్టింది. కానీ తప్పు అంకెలు కొట్టిన రేడియో వెంటనే వినదు. దాన్ని బండిలో బిగించి, తాళం చెవి తిప్పి ఉంచి, గంటసేపు కాచుకోవాలి. మధ్యలో ఆపితే మళ్లీ మొదటికే. ఆ గంట ముగ్గురం ఆ కారులోనే కూర్చున్నాం. మేస్త్రీ డ్రైవరును మాటల్లో పెట్టాడు. పిల్లలెంతమంది, ఏం చదువుతున్నారు, శ్రీహరికోటలో రాకెట్టు లేస్తే మీ మిద్దె మీదికి కనిపిస్తాదా అని. డ్రైవరు కొంచెం కొంచెంగా తేరుకున్నాడు. తనే నవ్వుతూ, "ఫ్యాన్సీ నంబరు కొట్టినానన్నా, కలిసొస్తాదేమోనని" అన్నాడు.

గంట అయ్యాక మేస్త్రీ నాలుగంకెలు నొక్కాడు. గరగరమని, ఎక్కడో అరవ పాట ఒకటి అందుకుంది. ఆయన కాంట్రాక్టరును పిలిచి, ఆ అంకెలు ఓనరుకూ డ్రైవరుకూ ఇద్దరికీ కంఠతా వచ్చేదాకా చెప్పించాడు. అప్పుడన్నాడు.

"బ్యాటరీ తీగ తీస్తే ఈ రేడియో ఎవురి చేతిలోనైనా మరిచిపోతాది సార్. మీరు తీసినా అంతే. ఈయప్ప తీగ తుడవకుంటే నడిరోడ్డులో బండే నిలిచిపోయుండు. తప్పు లేదు."

కాంట్రాక్టరు చెయ్యి పెట్టి పాట తగ్గించాడు. "పొద్దున ఐదుకు రా" అన్నాడు డ్రైవరుతో. అంతే అన్నాడు. డ్రైవరు కారు తలుపు మూయడానికి వంగి, చాలాసేపు వంగే ఉన్నాడు. మేస్త్రీ అటు చూడకుండా మరలు లెక్క చూసుకున్నాడు.

తర్వాత మూడేళ్లు నేను ఆ స్టూలు మీద కూర్చున్నాను. ఎన్నో విషయాల మీద వాదించాను. ఒకసారి చెత్త ఎత్తే కార్మికుల మీద ఆవేశంగా రాసింది చదివి వినిపిస్తే, "బాగుండాది. ఆడికి పోయినావా?" అన్నాడు. పోలేదు. మర్నాడు పోయాను. వ్యాసం మొత్తం మార్చాల్సి వచ్చింది. ఇప్పుడు నా రాతలో ఏమైనా నిజముంటే అందులో కొంత ఆయన పెట్టిందే. ఇంత వాగుడుకాయను, ఆ రోజు అన్న మాట తప్పని మాత్రం ఒక్కసారీ ఆయనతో చెప్పలేదు. రేపు చెబుదాం అనుకున్నాను. మనుషులు రేపటికి ఉంటారనుకోవడం మా వాదించేవాళ్ల జబ్బు.

మొన్న పలకరింపుకు వెళ్లినప్పుడు ఆయన భార్య దగ్గర ఆ గొడవ కదిపాను, నా మనసు తేలికపడాలని. ఆమె ఆశ్చర్యంగా చూసింది.

"నీకు చెప్పలేదా నాయనా? పెండ్లయిన కొత్తల్లో ఒకాయప్ప ఇస్త్రీ గుడ్డలు, బూట్లు ఏసుకొని వచ్చినాడు. చేతిలో రేడియో. ఈయన విప్పి ఇచ్చినాడు. అది దొంగసొమ్ము. స్టేషన్లో మూడు దినాలు పెట్టుకున్నారు. అరికాళ్ల మీద కొట్టినారు. కుడికాలు అప్పట్నించే."

నాకెందుకు చెప్పలేదని మాత్రం అడగగలిగాను.

"ఆ సార్‌కు చెబితే పేపర్లో ఏస్తాడు, ఊరుకోమన్నాడు" అని, ఏడుస్తున్నదల్లా కొంచెం నవ్వింది.

నాయుడుపేట నుంచి తిరుగు ప్రయాణం చెప్పలేదు గదా. ఎండ వాలుతుండగా బస్సు దొరికింది. ఇద్దరం పక్కపక్కనే కూర్చున్నాం. తప్పయిపోయింది మేస్త్రీ అని చెప్పాలని గొంతు సవరించుకున్నాను. వాక్యం కూడా కుదిరింది, నేను రాసేవాణ్ణి గదా. తిరిగి చూసేసరికి ఆయన నిద్రపోతున్నాడు. చెప్పులు విడిచి, కుడికాలు ఎడమకాలి మీద పెట్టుకున్నాడు. బస్సు కుదుపుకు ఆయన తల నా భుజం మీదికి వాలింది. నూనె, సోల్డరు వాసన. శ్రీకాళహస్తి వచ్చింది, జనం ఎక్కారు, దిగారు, కండక్టరు పిలిచాడు. నేను పలకలేదు. తిరుపతి బస్టాండులో దీపాలు కనిపించేదాకా ఆ భుజం కదపకుండా కూర్చున్నాను.