చీలమండ దాటని నీళ్లు

మా చర్చిలో సేవాదినం దగ్గరపడిందంటే చాలు, ఎవరో ఒకరు మైకు అందుకుని ఆ సాక్ష్యం చెబుతారు. సముద్రంలో కొట్టుకుపోతున్న హాస్టలు పిల్లని దేవుడు మా స్త్రీల సమాజం అధ్యక్షురాలి చేతుల మీదుగా ఒడ్డుకి చేర్చాడట. అందరూ స్తోత్రం అంటారు. నేను అనను. నేనక్కడే ఉన్నాను. ఆ నీళ్లు ఆ పిల్ల చీలమండ దాటలేదు.

సేవాదినమంటే మాకు ఒక్కరోజులో మూడు పనులు. పొద్దున్న హాస్టలు పిల్లలకి బట్టలు పంచడం, తర్వాత వాళ్లని వెంటేసుకుని పూడిమడక పోయి సముద్రపొడ్డున చెత్త ఏరడం, సాయంత్రం చోడవరం తిరిగొచ్చి హాస్టలు ఆవరణలో మొక్కలు నాటడం. పిల్లలు, సముద్రం, నేల అని బ్యానరు మీద రంగురంగుల అక్షరాలు. అది జరిగిన ఏడాది బట్టలంటే తెల్లగౌన్లు. చెత్త ఏరబోయే పిల్లలకి తెల్లగౌన్లు! సాయంత్రం ఇద్దామన్నాను కమిటీలో.

"పాతబట్టల్తో ప్రార్థనకి నిలబెడతామేటి? ఫొటోలో ఎలాగుంటాది?" అంది అధ్యక్షురాలు.

"ఫొటో సాయంత్రం తీసుకోవచ్చుగా?"

"అప్పుడూ తీస్తాం. నువ్వు ప్రతీదానికీ అడ్డం పడకమ్మా."

మా దగ్గర కానుక ఇవ్వనిదే కార్యక్రమం మొదలవదు. ఇచ్చింది అక్కడే తొడిగించాలి. తొడిగింది సాయంత్రం ఫొటోదాకా మాయకూడదు. అదీ మా పద్ధతి.

బస్సులో నా పక్కన కూర్చుందా పిల్ల. చీడికాడ అవతల కొండకింద ఊరు, ఆరో తరగతి. సముద్రం ఎప్పుడూ చూడలేదు.

"ఆంటీ, నిజంగా ఉప్పగుంటాదా?"

"ఉంటుంది."

"మా మేష్టారూ అలాగే సెప్పేరు. మీరు తాగేరేటి?"

"చిన్నప్పుడు నోట్లోకి పోయింది. ఛీ, పాడు రుచి."

"అయితే నేనూ సూస్తాను. ఒక్క గుక్క సాలు."

దారి పొడుగునా అదే మాట. ఇంకేం అడగలేదు ఆ పిల్ల.

దిగీ దిగగానే అధ్యక్షురాలు చేతిమైకు తీసింది. "గౌన్లు తడిపేరో, సూడండి మరి!" దాంతో పిల్లలందరూ సముద్రానికి వీపు పెట్టి ప్లాస్టిక్ గ్లాసులు, చిరిగిన వలముక్కలు ఏరడం మొదలెట్టారు. ఎదురుగా అంత నీళ్లు పెట్టుకుని ఇదేం చోద్యం? కాసేపు వదలండి, చేతులు పట్టుకుని నేనే తీసుకెళ్తాను అన్నాను.

"సముద్రం ఎక్కడికీ పోదు సిస్టర్. ముందు పని కానీయ్," అంది అధ్యక్షురాలు.

నిజమే, సముద్రం పోదు. పోయేది మేం వచ్చిన బస్సు. డ్రైవరు హారను కొట్టాడు. అందరూ బస్సువైపు నడుస్తుంటే ఆ పిల్ల గోనెసంచి కింద పెట్టి, గౌను మోకాళ్ల పైకి ఎత్తి నడుం దగ్గర దోపుకుంది. అంత జాగ్రత్త! నాలుగడుగులు వేసి, వెనక్కి పోతున్న అలలో వంగి దోసిలి పట్టింది.

"ఓసే గుంటా!" అంటూ అధ్యక్షురాలు పరిగెత్తుకెళ్లి రెక్క పట్టి లాగింది. పిల్ల తడి ఇసకలో చతికిలపడింది.

"కొత్త గౌను నాసినం సేసేసేవు కదే! ఫొటోకి ఎలా నిలబడతావే ఇప్పుడు?"

ఇదీ ఆవిడ అప్పుడన్న మాట. మునిగిపోతోందని ఎవరి నోటా రాలేదు. తిరుగు ప్రయాణంలో పిల్లని తన పక్కనే కట్టేసినట్టు కూర్చోబెట్టుకుంది. మొక్కలు నాటుతున్నప్పుడు ఆ పిల్ల హాస్టలు వరండాలో నిలబడింది. ఫొటోలో లేదు. ఆ గౌనుకి బురదేమిటని వార్డెను అడిగాకే, పై ఆదివారం, ఆవిడ చెప్పిన సాక్ష్యంలో సముద్రం లోతైంది.

అప్పట్నుంచీ ప్రమాదమని పిల్లల్ని తీసుకెళ్లడం మానేశారు. పెద్దవాళ్లం వెళ్తాం, వీడియోలు తీసుకుంటాం, బిర్యానీ పొట్లాలు తిని వస్తాం. పిల్లలు తెల్లబట్టలేసుకుని హాస్టల్లో సాయంత్రం ఫొటో కోసం ఎదురుచూస్తారు. ఒకసారి చర్చిలో లేచి జరిగింది జరిగినట్టు చెప్పాను. విశ్వాసం తక్కువన్నారు. నా విశ్వాసానికేం లోటు లేదు. కళ్లకీ లేదు.

ఆ పిల్లని ఒక్క మాట అడగాలనుకుంటూనే రోజులు గడిపేశాను. ఆ వేసవికి ఇంటికెళ్లిన పిల్ల మళ్లీ రాలేదు. వేరే బడిలో వేశారట, ఏ ఊరో వార్డెనుకీ తెలీదు. ఒడ్డున పిల్లని లాగిన క్షణాన అధ్యక్షురాలి వీపు నాకు అడ్డొచ్చింది. దగ్గరున్నది ఆవిడే కాబట్టి సాక్ష్యం అయినప్పుడల్లా ఆవిడనే అడుగుతాను, బైబిలు సర్దుకుంటూ వెళ్లిపోతుంది. మీరు రెక్క పట్టి లాగేసరికి ఆ దోసిట్లో నీళ్లు పిల్ల నోటిదాకా వెళ్లాయా, లేదా?