ఆగిపోయిన వాల్వు చప్పుడు

దయ్యాలను నేనెప్పుడూ నమ్మలేదు. మా ఊళ్లో ఎవరికి జ్వరం వచ్చినా గాలి సోకిందంటారు. నేను ఖమ్మంలో ల్యాబ్ టెక్నీషియన్‌ని. ముందు రక్తపరీక్ష చేయించమని వాళ్లను కసురుకుంటాను. ఇది వేరేవాళ్లు చెబితే వాళ్లనూ కసురుకునేదాన్నే.

మా ఊరు పర్ణశాల దాటాక అడవి అంచున ఉంటుంది. మా అక్కకు చిన్న వయసులోనే గుండెలో లోహపు వాల్వు వేశారు. పక్కన కూర్చుంటే అది గడియారంలా టిక్కుటిక్కుమని వినిపించేది. దొంగచాటుగా బెల్లం తినబోయినా చప్పుడు పట్టిస్తుందని అక్కను ఏడిపించేవాళ్లం.

ఆ వాల్వు ఉన్నవాళ్లు రక్తం గడ్డకట్టకుండా జీవితాంతం మాత్రలు వేసుకోవాలి. మొన్న వేసవిలో బీడీలు చుట్టే తునికాకు కోస్తుంటే కొమ్మలు గీరుకుని అక్క చేతుల నుంచి రక్తం ఒక పట్టాన ఆగలేదు. ఆకు పని అయ్యేదాకా అనుకుని మాత్రలు మానేసింది. మాకెవరికీ చెప్పలేదు. వాల్వులో గడ్డ కట్టింది. చప్పుడు ఆగిపోయింది. ఆయాసంతో నడుం వాల్చలేకపోయింది.

ఆసుపత్రిలో డాక్టరు ఏమీ దాచలేదు. మళ్లీ ఛాతీ తెరవడం మొదటిసారి లాంటిది కాదన్నాడు. గుండె ఎముకకు అతుక్కుని ఉంటుంది, తెరిచేటప్పుడే చిరగవచ్చు, రక్తం ఆగకపోవచ్చు. తెరవకపోతే బతకదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. సంతకం పెట్టాను.

ఆసుపత్రికి రావడానికి అమ్మకు ధైర్యం చాలలేదు. ఆకు ఎండబెట్టే కల్లంలోనే ఉండిపోయింది. మధ్యాహ్నం నేను ఆపరేషన్ థియేటరు బయట కూర్చుని ఉండగా ఫోన్ చేసింది.

“అక్కను ఎప్పుడు తోలిండ్రే? నా ఎనుక కూసుని ఆకు కట్టలు కడుతున్నది. గుండె చప్పుడు మంచిగ ఇనబడుతున్నది.”

నాకు ఒళ్లు మండింది. “ఏందమ్మా, గట్ల మాట్లాడుతవ్?”

“నువ్వే మాట్లాడు బిడ్డా,” అని ఫోన్ ఎవరికో ఇచ్చింది.

టిక్కు. టిక్కు. సరిగ్గా నా చెవి దగ్గర. ఏళ్ల తరబడి ఆ చప్పుడు పక్కనే పడుకున్నదాన్ని, పొరబడను. ఫోన్‌ను చెవికి ఇంకా అదుముకున్నాను. చివరికి, “భయపడకక్కా, మంచిగైతది,” అన్నాను. లైను తెగిపోయింది.

కాసేపటికి డాక్టరు బయటికి వచ్చాడు. పాత వాల్వు తీసేశారట. కొత్తది కుట్టాక రక్తం ఆగలేదట. మా అక్క ఇక లేదు.

అమ్మ పక్కన ఎవరూ లేరని కల్లంలో ఉన్నవాళ్లందరూ చెప్పారు. సిగ్నల్ లోపమని సరిపెట్టుకోవాలని చూశాను, మనసు ఒప్పుకోవడం లేదు. అక్కను థియేటరులోకి తీసుకెళ్లేటప్పుడు నాకు ఏడుపు ముంచుకొచ్చి ఒక్క మాట కూడా చెప్పలేకపోయాను. ఆ మాట ఫోన్‌లో చెప్పాను. విన్నది ఎవరో నాకు తెలియదు.