సాంచాలు ఆగిన పూట... అబ్బా క్యాసెట్

మా చిన్నప్పుడు... సిరిసిల్లలో మామూ ఇంటి గదిలో తలుపులూ కిటికీలూ మూసి, సందుల్లో దుప్పట్లు కుక్కి, ఉక్కలో కూర్చున్నాం. కరెంటు ఎప్పుడు పోతుందా అని! ఊరంతా రావాలని మొక్కుకుంటే మేము పోవాలని...

మా అబ్బా... అదే, నాన్న, కోరుట్లలో పెళ్ళి బ్యాండులో శాక్సాఫోన్ వాయించేవాడు. బరాత్‌లో అందరూ అడిగేవి సినిమా పాటలే. పెళ్ళికొడుకు ముస్తాబయ్యేలోగా దొరికిన కాస్త సేపట్లో మాత్రం తన సొంత వరుసలు ఊదేవాడు. ఒకసారి ఊదినట్టు ఇంకోసారి ఊదడు. ఎవరూ పట్టించుకునేవారు కాదు... నాకు ఇప్పటికీ కోపమే.

ఆ ఏడు జగిత్యాల డాక్టరు, ఊపిరితిత్తులు పాడయ్యాయి, ఇక ఊదితే ప్రాణం మీదికొస్తుందన్నాడు. మానేసేలోగా ఆ వరుసలన్నీ ఒక క్యాసెట్‌లో దాచాలని అబ్బా పట్టుబట్టాడు. తోడుగా క్లారినెట్ రాజమల్లు కాక, డోలు ఖాజా చాచా. మంచి టేప్ రికార్డర్ మామూ దగ్గరే ఉంది. సౌదీ నుంచి తెచ్చిన ఆ పెట్టెను ఆయన గడప దాటనిచ్చేవాడు కాదు. ఇంటి చుట్టూ ఏమో సాంచాలు... అదే, మరమగ్గాలు. కరెంటు ఉన్నంతసేపూ ఒకటే మోత. అందుకే కోత వేళ చూసుకుని, రికార్డర్‌లో బ్యాటరీలు వేసుకుని కూర్చున్నాం.

కరెంటు పోయింది. వాడంతా చప్పబడింది. అబ్బా మొదలుపెట్టాడు. నేనెక్కడ తుమ్ముతానోనని అమ్మీ నా నోటికి కొంగు అడ్డం పెట్టింది.

ఆఖరి వరుసకు వచ్చేసరికి అబ్బాకు చెమటలు.

"ఇగ చాలు భాయ్. డాక్టర్ ఏమన్నడో యాదికున్నదా?" అన్నాడు రాజమల్లు కాక.

"గీ ఒక్కటి కానియ్ రాజన్నా. టేపుల పడ్డంక ఊదుమన్నా ఊద" అన్నాడు అబ్బా.

అది సగంలో ఉండగా కరెంటు వచ్చింది. సాంచాలన్నీ ఒక్కపెట్టున లేచాయి. ఆపేయొచ్చు... ఇంకో కోత దాకా ఆగొచ్చు. కానీ బ్యాండువాళ్ళు బరాత్‌లో ఎంత గోల లేచినా పాట నడుమ ఆపరు. గోలను మించి ఊదుతారు. ముగ్గురూ అదే చేశారు. వరుస పూర్తిచేసి అబ్బా గోడకు ఒరిగిపోయాడు. పెదవులు నల్లబడ్డాయి.

"నడుమ ఆపకపోతివా భాయ్..." కాక ఏడ్చేశాడు.

"ఆపుడు మనకెన్నడన్న అలవాటున్నదా?" అన్నాడు అబ్బా, అతికష్టం మీద.

మరుసటి రంజాన్ అబ్బా చూడలేదు.

ఆ ఆఖరి వరుస మోతలో మునిగిపోయిందని ఇన్నేళ్ళూ సాంచాలను తిట్టుకున్నాను. మొన్న నా కొడుకు, మా చిన్నోడు, క్యాసెట్‌ను ఫోన్‌లోకి ఎక్కించి, ఏదో యాప్‌తో మోతంతా తీసేశాడు. "అమ్మీ, ఇప్పుడు సాఫ్ ఉన్నది, ఇను" అన్నాడు సంబరంగా.

విన్నాను... స్వరానికీ స్వరానికీ నడుమ అబ్బా రొప్పుతున్నాడు. గాలి అందక కొట్టుకుంటున్నాడు. ఆ రోజు నేను పక్కనే కూర్చున్నాను, నాకది వినబడనే లేదు.

ఇప్పుడు ఏ చప్పుడునైనా వేలితో చెరిపేయొచ్చు. నేను మాత్రం చిన్నోణ్ణి బతిమాలి, మోతను మళ్ళీ పెట్టించుకున్నాను. మీ ఇంట్లోనూ ఎవరి గొంతయినా పాత క్యాసెట్‌లో ఉండిపోయిందా? చెప్పండి... వింటున్నారా, వినలేక దాచేశారా?